పొద్దుగూకాక బండి భద్రం

మీ వూరికి రోడ్డు పడుతోంది. పగలంతా జేసీబీ చప్పుడు. టిప్పర్లు కంకర తెచ్చి పోస్తున్నాయి. రోలరు తొక్కుతోంది. బడి వదలగానే పిల్లలు అక్కడే నిలబడి చూస్తున్నారు. సాయంత్రం ఆరయింది. డ్రైవరు ఇంజను ఆపాడు. కూలీలు కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. అందరూ వెళ్ళిపోయారు.

బండ్లు మాత్రం అక్కడే వున్నాయి. చీకటి పడింది. వాటి దగ్గర మిగిలింది ఒక్కడే మనిషి. కావలి మనిషి. చేతిలో ఒక కర్ర, ఒక టార్చిలైటు.

జేసీబీ ఖరీదు లక్షల్లో వుంటుంది. కావలి మనిషి జీతం వేలల్లో వుంటుంది. తెల్లారి చూస్తే బ్యాటరీ లేదు. డీజిలు సగమే వుంది. అప్పుడు అందరూ ఎవరిని వేలెత్తి చూపిస్తారు? ఆ సంగతి మీకు తెలుసు.

ఈ పాఠం కావలి మనిషి కోసం. డ్రైవరు కోసం, మేస్త్రీ కోసం కూడా. అప్పు చేసి ట్రాక్టరు కొని, రోడ్డు పనికి తిప్పుకుంటున్న రైతు కోసం కూడా. రాత్రిపూట బండ్లను ఎట్లా వుంచాలి? ఏమేం పోతాయి? పోతే ఏం చెయ్యాలి? పోకముందే ఏం రాసి పెట్టుకోవాలి? మనం రాయడం నేర్చుకున్నాం కదా. ఆ రాత ఇక్కడ ఎంత పనికొస్తుందో చూద్దాం.

ఏమేం పోతాయి?

ట్రాక్టర్లు, టిప్పర్లు మొత్తానికి మొత్తం మాయం కావడం కద్దు. అయితే రోజూ జరిగే నష్టం వేరు. పెద్ద బండిని తోలుకుపోతే చప్పుడవుతుంది. దాచడం కష్టం. అదే ఒక క్యాను డీజిలు అయితే? పది నిమిషాల పని. చప్పుడు వుండదు. ఎవరికైనా అమ్మొచ్చు. డీజిలు మీద పేరు రాసి వుండదు కదా.

డీజిలు తర్వాత బ్యాటరీ. బ్యాటరీలో సీసం వుంటుంది. పాత సామాన్ల కొట్లో దానికి మంచి ధర పలుకుతుంది. ఆ తర్వాత రాగి. మోటారు కేబులు, వెల్డింగు వైరు, జనరేటరు వైరు, అన్నిట్లోనూ రాగే. పైన ప్లాస్టిక్కు కాల్చేస్తే లోపలి తీగ బయట పడుతుంది. ఇల్లు కట్టే చోట అయితే సెంట్రింగు రేకులు, జాకీలు, వైబ్రేటరు, నీళ్ళ మోటారు పోతాయి. టిప్పర్లకు స్టెప్నీ టైరు పోతుంది.

ఒక మాట చెప్పుకోవాలి. దొంగ ఎప్పుడూ బయటి నుంచే వస్తాడని లేదు. ట్యాంకు మూత ఎక్కడుందో, కావలి మనిషి ఎప్పుడు అన్నానికి వెళతాడో తెలిసినవాడు లోపలివాడే అయి వుండొచ్చు. ఒక్కోసారి దొంగతనంలా కనపడని దొంగతనం కూడా జరుగుతుంది. రాత్రి పదింటికి జేసీబీ తీస్తారు. పక్క వూళ్ళో ఎవరికో మట్టి తవ్వి పెడతారు. డబ్బు జేబులో వేసుకుంటారు. తెల్లారేసరికి బండి యథాస్థానంలో వుంటుంది. డీజిలు మాత్రం వుండదు. ఆ లెక్క కావలి మనిషి నెత్తిన పడుతుంది.

బండిని ఎక్కడ ఆపాలి?

సాయంత్రం బండి ఆపే చోటు చాలా ముఖ్యం. దొంగ సంగతి తర్వాత. ముందు బండి వల్ల మనిషి ప్రాణం పోకూడదు.

చదునైన, గట్టి నేల చూసుకోవాలి. తవ్విన గోతి అంచున ఆపకూడదు. పగలు గట్టిగా కనపడే అంచు రాత్రి వానకు నానుతుంది. బండి బరువుకు విరిగి పడుతుంది. గోతి ఎంత లోతుంటే కనీసం అంత దూరమైనా వెనక్కి వుంచాలి. మెత్తటి మట్టి అయితే ఇంకా దూరం వుంచాలి.

కరెంటు తీగల కింద ఆపకూడదు. ఎండిన పెద్ద చెట్టు కింద ఆపకూడదు. గాలివానకు కొమ్మ విరిగితే క్యాబిను అద్దాలు పోతాయి. కింద మనిషి పడుకుని వుంటే మనిషే పోతాడు.

వాగులో వంతెన పని జరుగుతుంటే మరీ జాగ్రత్త. పొద్దున మళ్ళీ దిగాలి కదా, ఎందుకులే అని బండిని వాగులోనే వదిలేస్తారు. ఇక్కడ వాన లేదు కదా అనుకుంటారు. వాన పైన ఎక్కడో కురుస్తుంది. నీళ్ళు అర్ధరాత్రి వస్తాయి. వచ్చేటప్పుడు చెప్పి రావు. వానాకాలంలో ఎంత అలసిపోయినా సరే, బండిని గట్టు ఎక్కించి ఆపాలి. కావలి మనిషి గుడిసె కూడా గట్టు మీదే వుండాలి.

రోడ్డు మీద ఆపక తప్పకపోతే? అక్కడ దొంగ కంటే పెద్ద ప్రమాదం వుంది. చీకట్లో వచ్చే మోటారు సైకిలు. టిప్పరు వెనక భాగం మట్టి కొట్టుకుపోయి నల్లగా వుంటుంది. దగ్గరకు వచ్చేదాకా కనపడదు. భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని వచ్చేవాడు దాన్నే గుద్దుకుంటాడు. అందుకని బండికి వెనకా పక్కలా రేడియం స్టిక్కర్లు వుండాలి. వాటి మీది మట్టిని సాయంత్రం గుడ్డతో తుడవాలి. తుడవని రేడియం వున్నా లేనట్టే. ఎర్ర లైటు పెట్టాలి. కొంత దూరం ముందు నుంచే హెచ్చరిక గుర్తులు పెట్టాలి.

మన డ్రైవర్లకు ఒక అలవాటు వుంది. బండి ఆగితే వెనక చెట్టు కొమ్మలు వేస్తారు, రాళ్ళు పేరుస్తారు. పొద్దున బండి తీసుకుని వెళ్ళిపోతారు. రాళ్ళు రోడ్డు మీదే వుంటాయి. ఆ మర్నాటి రాత్రి ఎవడో ఆ రాళ్ళ మీద పడతాడు. దీన్ని అలవాటు అనడానికి కూడా నాకు మనసొప్పదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ సంగతి చెబుతోంది. ఇతరులకు ప్రమాదం కలిగేట్టు బండిని బహిరంగ స్థలంలో వదలకూడదు అంటుంది 122వ సెక్షను. డ్రైవరు సీట్లో లేకపోతే ఇంజను ఆపాలి, బ్రేకు వెయ్యాలి, బండి దానంతట అది కదలకుండా చూడాలి అంటుంది 126వ సెక్షను.

బకెట్టు నేలకు దించాలి

సాయంత్రం డ్రైవరుకు తొందర. బస్సు పోతుంది. ఇంటి దగ్గర ఎదురు చూస్తుంటారు. ఇంజను ఆపి దూకేస్తాడు. జేసీబీ ముందు బకెట్టు గాలిలోనే వుంటుంది. వెనక పొడుగు చెయ్యి కూడా గాలిలోనే.

ఆ బకెట్టును పైకి ఎత్తి పట్టుకున్నది ఏమిటి? నూనె. గొట్టాల్లో ఒత్తిడితో వున్న నూనె. గొట్టం పగిలినా, లోపలి వాషరు పాడైనా నూనె జారిపోతుంది. బకెట్టు కిందకు వస్తుంది. ఎవరైనా పిల్లవాడు క్యాబిను ఎక్కి లివరు కదిపినా రావచ్చు. అది వందల కిలోల ఇనుము. కింద ఎవరున్నారో దానికి తెలియదు.

కాబట్టి బకెట్టును నేలకు ఆనించాలి. వెనక చేతిని కూడా నేలకు ఆనించాలి. టిప్పరు తొట్టిని పూర్తిగా దించాలి. గేరు న్యూట్రలులో పెట్టి హ్యాండు బ్రేకు లాగాలి. ఇంజను ఆపాలి. తాళం చెవి తియ్యాలి. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టాలి. దిమ్మెలు లేకపోతే మంచి రాళ్ళు పెట్టండి. పొద్దున తియ్యడం మాత్రం మరవకండి. రోలరుకు ఇది మరీ అవసరం. దాని చక్రం నున్నగా వుంటుంది, బరువు ఎక్కువ. కొంచెం వాలు దొరికితే చాలు, దొర్లుతుంది.

బకెట్టు నేలకు ఆనితే ఇంకో లాభం వుంది. బకెట్టు మోపి వున్న బండిని ఇంజను వెయ్యకుండా లాక్కుపోవడం సులువు కాదు. బండ్లు చాలా వుంటే వాటిని దగ్గర దగ్గరగా పెట్టండి. పెద్ద జేసీబీని అడ్డంగా పెట్టి, చిన్న జనరేటరును, మిల్లరును దాని వెనక వుంచండి. పెద్దది కదలనిదే చిన్నది బయటికి రాదు. డీజిలు ట్యాంకు మూత వున్న వైపు గోడకో, ఇంకో బండికో దగ్గరగా వుంటే మంచిది. క్యాను పట్టుకుని దూరే సందు వుండకూడదు.

తాళం చెవి సంగతి

చెవిని టైరు కింద దాస్తారు. సీటు కింద దాస్తారు. బ్యాటరీ పెట్టె మీద దాస్తారు. మనకు తెలిసిన ఈ చోట్లు దొంగకు తెలియవా?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇలాంటి మిషన్లలో, ముఖ్యంగా పాతవాటిలో, ఒకే కంపెనీ బండ్లు చాలావాటికి ఒకే రకం చెవి పడుతుంది. ఒక బండి చెవితో ఇంకో బండి లేస్తుంది. కంపెనీలు పని సులువు కోసం అలా చేశాయి. అందుకని చెవి మన జేబులో వుంది కదా అని నిశ్చింతగా పడుకోవడానికి లేదు.

మరి ఏం చెయ్యాలి? బ్యాటరీ కట్టు విప్పాలి. కొత్త బండ్లలో బ్యాటరీ నుంచి కరెంటు ఆపే స్విచ్చి వుంటుంది. దాన్ని తిప్పి, దాని చెవిని కూడా తీసేస్తే బండి లేవదు. స్విచ్చి లేని బండికి మెకానిక్కు చేత పెట్టించుకోవచ్చు. అదీ లేకపోతే బ్యాటరీ వైరు విప్పడమే. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు విప్పాలి. అంటే చిన్న అడ్డగీత గుర్తు వున్నది. తర్వాత ప్లస్ వైరు. పొద్దున బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. ఇది తారుమారు చేస్తే పానా బండి ఇనుముకు తగిలి మంట లేవవచ్చు. బ్యాటరీ దగ్గర బీడీ కాల్చకూడదు. దానిలోంచి వచ్చే గాలికి నిప్పు అంటుకుంటుంది.

ట్యాంకు మూతకు తాళం వుండాలి. బ్యాటరీ పెట్టెకు ఇనుప పట్టీ వేసి తాళం వెయ్యాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు. లక్షల బండికి వందల తాళం పెట్టడానికి వెనకాడే యజమానులు వున్నారు. కావలి మనిషి నోరు తెరిచి అడగాలి. అడిగిన తేదీ రాసుకోవాలి. రాత సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఇప్పుడు జీపీఎస్ పరికరాలు వచ్చాయి. చిన్న పెట్టె. బండిలో దాచి బిగిస్తారు. బండి రాత్రి కదిలితే యజమాని ఫోనుకు కబురు వస్తుంది. ఎక్కడుందో చూపిస్తుంది. మంచిదే. కానీ అది డీజిలు తోడే చేతిని పట్టుకోలేదు. సిగ్నలు లేనిచోట కబురు ఆలస్యమవుతుంది. పరికరం వుంటే కావలి అవసరం లేదు అనే మాట నేను ఒప్పుకోను.

ట్యాంకు నింపాలా, వద్దా?

డ్రైవర్లు రెండు రకాలుగా చెబుతారు. సాయంత్రం ట్యాంకు నింపి పెట్టాలి అంటారు కొందరు. వాళ్ళ మాటలో నిజం వుంది. ట్యాంకు సగం ఖాళీగా వుంటే ఆ ఖాళీలో గాలి వుంటుంది. రాత్రి చలికి ఆ గాలిలోని తేమ చల్లబడి నీటి బొట్లవుతుంది. నీళ్ళు డీజిలులో కలుస్తాయి. ఇంజనుకు అది మంచిది కాదు.

నింపితే దొంగను పిలిచినట్టే అంటారు ఇంకొందరు. అదీ నిజమే.

నన్నడిగితే, తాళం వున్న ట్యాంకు, కావలి వున్న చోటు అయితే నింపండి. వూరికి దూరంగా, మనిషి లేని చోట బండిని వదలాల్సి వస్తే నింపకండి. నీళ్ళను ఫిల్టరు దగ్గర వదిలెయ్యవచ్చు. పోయిన డీజిలు తిరిగి రాదు.

డీజిలును పైపుతో నోటితో లాగడం చాలా చోట్ల చూస్తాం. దొంగలే కాదు, మన డ్రైవర్లూ లాగుతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. వాంతి చేయిస్తే డీజిలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తోడడానికి చేతి పంపు దొరుకుతుంది. అది వాడాలి.

కావలి మనిషి ఎక్కడ పడుకోవాలి?

పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి ఎందరో పనికి పట్నం వచ్చారు. ఒక్కరే రారు. భార్యాబిడ్డలతో వస్తారు. కట్టే ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుంటారు. మొగుడు కావలి. పెళ్ళాం పగలు ఇటుకలు మోస్తుంది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఆ పిల్లలకు జేసీబీ బకెట్టు ఒక వుయ్యాల. మిల్లరు డ్రమ్ము ఒక గుహ. అందుకే సాయంత్రం మిల్లరు వైరు స్విచ్చి బోర్డు దగ్గర తీసెయ్యాలి. క్యాబిను తలుపుకు తాళం వెయ్యాలి. నిచ్చెనలు పక్కకు పెట్టాలి. తవ్విన గోతుల చుట్టూ కట్టెలు పాతి తాడు కట్టాలి, నీళ్ళ తొట్టి మీద పలకలు కప్పాలి.

ఎండాకాలం రాత్రి టిప్పరు కింద చల్లగా వుంటుంది. వాన వస్తే అదే గొడుగు. అందుకని దాని కింద పడుకుంటారు. కొందరు బకెట్టులో గోనెసంచి పరుచుకుని పడుకుంటారు. దయచేసి ఈ పని చెయ్యకండి. చీకటితో వచ్చే డ్రైవరుకు కింద మనిషి వున్నాడని తెలియదు. ఇంజను వేస్తాడు, వెనక్కి తీస్తాడు. ఆ తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదు. వెనక్కి వచ్చే బండి దారిలో కూడా పడుకోవద్దు.

చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. జనరేటరును గదిలో పెట్టి తలుపు మూయొద్దు. ఆ పొగలో ఒక విషపు గాలి వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరు ఆరు బయటే వుండాలి. కిటికీలకు దూరంగా వుండాలి.

దొంగలు వస్తే? ఒక్కడే మనిషి నలుగురి మీదకు పోకూడదు. విజిలు వెయ్యండి. లైట్లు వెయ్యండి. అరవండి. 112కు ఫోను చెయ్యండి. వాళ్ళ బండి నంబరు, రంగు, ఎటు పోయారో గుర్తు పెట్టుకోండి. ఒక బ్యాటరీ కోసం ప్రాణం పెట్టమని ఏ యజమానీ అడగకూడదు. అడిగినా మీరు పెట్టకూడదు.

ఒక పుస్తకం, ఒక పెన్ను

ఇక రాత సంగతి. కావలి మనిషికి కర్ర కంటే గట్టి ఆయుధం ఇదే.

ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో ప్రతి బండి వివరం రాసుకోండి. కంపెనీ పేరు, నంబరు ప్లేటు మీది నంబరు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు. ఈ రెండు నంబర్లూ బండి ఇనుము మీద, చిన్న రేకు మీద కొట్టి వుంటాయి. కాగితాల్లో కూడా వుంటాయి. చెయిన్ల మీద నడిచే పెద్ద పొక్లెయిన్‌కు చాలాసార్లు నంబరు ప్లేటు వుండదు. దాన్ని గుర్తు పట్టేది ఇనుము మీది నంబరుతోనే.

కంపెనీ పేరు ఎందుకు రాయాలి? మనం పచ్చదాన్ని దేన్ని చూసినా జేసీబీ అంటాం. నిజానికి జేసీబీ ఒక కంపెనీ. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండులో మొదలు పెట్టాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే జేసీబీ. పొక్లెయిన్ కూడా ఫ్రాన్సు దేశపు కంపెనీ పేరే. ఇప్పుడు ఇలాంటి బండ్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి. ఫిర్యాదులో జేసీబీ పోయింది అని మాత్రమే రాస్తే, పోలీసులు వేరే కంపెనీ బండి కోసం వెతకవచ్చు.

తర్వాతి పేజీల నుంచి రోజూ రాయాలి. సాయంత్రం డ్రైవరు బండి అప్పగించేటప్పుడు ఒకసారి. పొద్దున తిరిగి తీసుకునేటప్పుడు ఒకసారి. గంటల మీటరు చూడండి. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అది చూపిస్తుంది. డీజిలు ఎంత వుందో శుభ్రమైన కర్ర ముంచి చూడండి. ఎప్పుడూ అదే కర్ర వాడాలి. బండి వాలుగా వుంటే లెక్క తప్పుతుంది. అందుకే చదునైన చోట ఆపాలన్నాం.

ఒక పేజీ ఇలా వుంటుంది.

12వ తేదీ. సాయంత్రం 6 గంటల 10 నిమిషాలు.
గంటల మీటరు: 2416.
డీజిలు: కర్ర మీద 30 సెంటీమీటర్లు.
బ్యాటరీ: వుంది. ట్యాంకు తాళం: వేసి వుంది.
స్టెప్నీ: 1. కేబులు: 2 చుట్టలు.
చెవి ముట్టింది. (డ్రైవరు సంతకం, కావలి సంతకం)

13వ తేదీ. పొద్దున 7 గంటలు.
గంటల మీటరు: 2416.
డీజిలు: 30 సెంటీమీటర్లు.
అన్నీ వున్నాయి. చెవి ఇచ్చాను. (ఇద్దరి సంతకాలు)

పొద్దున మీటరు 2418 చూపిస్తే? రాత్రి ఇంజను 2 గంటలు నడిచింది అన్నమాట. జేసీబీ పనిని బట్టి గంటకు సుమారు 4, 5 లీటర్లు తాగుతుంది. మీటరు కదలలేదు, డీజిలు మాత్రం తగ్గింది. అప్పుడు ఎవరో తోడారన్నమాట. రెండూ వేరు వేరు సంగతులు. పుస్తకం వుంటే తేడా తెలుస్తుంది. లేకపోతే రెండింటికీ కావలి మనిషే దొంగ.

కొందరు డ్రైవర్లు సంతకం పెట్టడానికి ఇష్టపడరు. ఇలా జరుగుతుంది అనుకోండి.

"ఏంది తాతా, నా మీద నమ్మకం లేదా? రోజూ ఈ సంతకాలేంది?"

"నీ మీద నమ్మకం వుంది అబ్బాయ్. రేపు డీజిలు పోతే యజమాని నిన్ను అడగడు. నన్ను అడుగుతాడు. అప్పుడు నేను అప్పచెప్పింది ఇంతే అని నువ్వే అనవచ్చు."

"నేనట్లా అంటానా?"

"అనవు. అందుకే పెట్టు. అనని మాట రాసి ఇవ్వడానికి ఏం కష్టం?"

మాట మెత్తగా వుండాలి. పుస్తకం మాత్రం వదలకూడదు. బయటివాళ్ళు ఎవరైనా రాత్రి బండి తియ్యమని వస్తే, యజమానికి ఫోను చేసి అడగండి. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, యజమాని ఏమన్నాడు, అది కూడా రాయండి.

పోతే ఏం చెయ్యాలి?

ముందు ఏదీ ముట్టుకోకండి. విరిగిన తాళం, పడేసిన పైపు, అడుగుల గుర్తులు, అన్నీ పోలీసులకు పనికొస్తాయి. యజమానికి వెంటనే చెప్పండి. భయపడి మధ్యాహ్నం దాకా ఆగితే అనుమానం మీ మీదకే వస్తుంది.

తర్వాత పోలీసు స్టేషను. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రాసి ఇవ్వవచ్చు. నోటితో చెప్పినా వాళ్ళు రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. ఇప్పుడు మీరే చదువుకోగలరు. తొందర పడకండి. ప్రతి లైనూ చదవండి. మీరు చెప్పిందే వుందా చూడండి. ఆ తర్వాతే సంతకం. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు.

బండే పోతే యజమాని బీమా కంపెనీకి కూడా వెంటనే చెప్పాలి. వాళ్ళు బండి రెండు చెవులూ అడుగుతారు. చెవి బండిలోనే వదిలేశారని తెలిస్తే డబ్బు ఇవ్వడానికి పేచీ పెడతారు. మీ పుస్తకంలో చెవి ముట్టింది అని రాసి వుంటే అది యజమానికీ ఆధారమే. ఈ మాట యజమానికి చెప్పండి. పుస్తకం ఖర్చు ఆయనే పెట్టుకుంటాడు.

జీతం కొయ్యవచ్చా?

డీజిలు పోయింది, నీ జీతంలో పట్టుకుంటాను అంటాడు యజమాని. పట్టుకోవచ్చా? ఇష్టం వచ్చినట్టు పట్టుకోవడానికి లేదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ సంగతి రాశారు. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్‌లో కూడా వుంది. కాపాడమని స్పష్టంగా అప్పగించిన వస్తువు అయి వుండాలి. అది మీ నిర్లక్ష్యం వల్లే, లేదా మీ తప్పు వల్లే పోయి వుండాలి. కొయ్యబోయే ముందు మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పోయిన దాని విలువ కంటే ఎక్కువ కొయ్యకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

ఇప్పుడు ఆలోచించండి. ఏది అప్పగించారు? పుస్తకంలో వుంది. ట్యాంకు తాళం విరిగింది, కొత్తది కావాలి అని 5వ తేదీన అడిగారు. అదీ పుస్తకంలో వుంది. తాళం తెచ్చి ఇవ్వలేదు. 12వ తేదీన డీజిలు పోయింది. నిర్లక్ష్యం ఎవరిది? ఇక కోత విధిస్తే కార్మిక శాఖ కార్యాలయానికి పోయి చెప్పుకోవచ్చు. పోయేటప్పుడు పుస్తకం తీసుకుపోండి. అసలు పుస్తకం ఎవరికీ ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి.

పొద్దున బండి తీసేముందు

డ్రైవరు వచ్చాడు. చెవి అడిగాడు. ఇచ్చే ముందు ఇద్దరూ కలిసి బండి చుట్టూ ఒకసారి తిరగాలి. కింద వంగి చూడాలి. మనిషి వున్నాడా, కుక్క వుందా? నేల మీద నూనె మరకలు వున్నాయా? టైర్లలో గాలి వుందా? ట్యాంకు మూత తాళం అలాగే వుందా? మీటరు, డీజిలు చూసి పుస్తకంలో రాయాలి. డ్రైవరు క్యాబిను ఎక్కి బ్యాటరీ స్విచ్చి వెయ్యాలి. బ్రేకు వేసే వుందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత కావలి మనిషి చక్రాల కింది రాళ్ళు తీసి, దూరంగా వచ్చి, డ్రైవరుకు కనపడేట్టు నిలబడాలి. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాలి. కాసేపు ఆగాలి. అప్పుడు ఇంజను.